క్యాంటీనక్క చిన్న గిన్నె

ప్రెస్సు క్యాంటీనులో వంట చేసే అక్క పగబట్టి అచ్చుతప్పుల మాస్టారికి తొమ్మిదేళ్లు చేపలు తినిపించిందని వీధంతా అంటోంది. పంపు దగ్గర పుట్టిన ఆ మాట టైలర్ వదిన షాపుకి చేరేసరికి జీతం పెంచలేదన్న కక్ష అయింది. మందుల షాపు దాకా వెళ్లేసరికి ఏకంగా విషమైంది. విషమూ లేదు, పగా లేదు. చేప మాత్రం నిజం. తొమ్మిదేళ్లూ నిజమే. కాకపోతే అది ఎలా జరిగిందో వింటే నోరు తెరుచుకుని ఉండిపోవడమే తప్ప తిట్టడానికి ఎవరికీ నోరు రాదు.

క్యాంటీనక్క పుట్టింది చేపలు ఎండబెట్టే రేవులో. ఆ ఇంట్లో మాంసం అంటే కాళ్లున్నది. మేక మాంసం, కోడి మాంసం. చేపకి కాళ్లెక్కడివి? అది నీళ్లలో దొరికే కూరగాయ కింద లెక్క. వాళ్లమ్మకి మాంసం వాసనే గిట్టేది కాదు. "మనం మాంసం ముట్టనివాళ్లమే పిల్లా" అని పదిమందిలో గొప్పగా చెప్పుకునేది. కూతురు ఆ మాటని అత్తారింటికి మోసుకెళ్లింది. భర్త పోయాక కొడుకు చదువు కోసం ప్రెస్సులో గరిటె పట్టినప్పుడూ అదే మాట వెంట తెచ్చుకుంది. ఇన్నేళ్లలో ఆ మాటని కాదన్న మనిషి ఒక్కడూ తగల్లేదు.

క్యాంటీను అంటే బైండింగు గది వెనక ఒక ఇరుకు గది, రెండు పొయ్యిలు, ప్లేట్లు అందించే కిటికీ. పక్క గదిలో కాగితాలు కోసే మిషను దిగినప్పుడల్లా గోడకి తగిలించిన గరిటెలు గలగలమంటాయి. ఇరవై మందికి పెద్ద గిన్నెలో మాంసం కూర. దాన్ని ఆమె నోట పెట్టదు. వాసన పట్టే ఉప్పు చాలిందో లేదో చెప్పేస్తుంది.

తొమ్మిదేళ్ల కిందట ప్రూఫులు చూడటానికి మాస్టారు కొత్తగా చేరాడు. చెవి మీద ఎర్ర పెన్సిలు, చేతిలో ఖాళీ ప్లేటు. కిటికీ దగ్గర నిలబడి మొహమాటపడుతూ అడిగాడు.

"అమ్మా, నేను మాంసం ముట్టను. పెరుగూ, ఇంత అన్నమూ ఉంటే చాలు."

"అయ్యో, నేనూ ముట్టనండీ. రేపట్నుంచి మనిద్దరికీ విడిగా వండుతాను. పెరుగన్నం తిని ఎన్నాళ్లు బతుకుతారు?"

మర్నాడే చిన్న గిన్నె పొయ్యెక్కింది. ఒక రోజు చిక్కుడు గింజలు, ఒక రోజు ఆకుకూర. దించే ముందు రెండు చెంచాల పొడి. సన్న చేపల్ని ఎండబెట్టి, దోరగా వేయించి, వెల్లుల్లితో దంచిన పొడి అది. వాళ్లమ్మ ప్రతి కూరలోనూ వేసేది. చేప రుచి ఎలా ఉంటుందో జన్మలో ఎరగని మాస్టారు వేళ్లు నాకాడు.

"ఇందులో ఏం వేస్తావమ్మా, ఇంత కమ్మగా ఉంది?"

"మా అమ్మ పొడండీ."

"మీ అమ్మ చేతికి దండం పెట్టాలి."

అంతటితో ఆగిపోయాడు. ఒక ఒత్తు ఎగిరిపోతే పేజీ మొత్తం వెనక్కి కొట్టే మనిషి, ఆ పొడి దేనితో చేస్తారని తొమ్మిదేళ్లలో మళ్లీ అడగలేదు. ఆమె చెప్పనూ లేదు. ఉప్పు వేశానని ఎవరైనా చెప్తారా?

మొన్న పుస్తకాల అట్టల మీద బొమ్మలు వేయడానికి ఒకమ్మాయి చేరింది. మొదటి రోజే కిటికీలో తల పెట్టింది.

"అత్తా, చిన్న గిన్నెలో ఏముంది?"

"అది మాంసం తిననివాళ్లది తల్లీ. నీకూ పెట్టనా?"

"వెన్న వేశావా? పాలు? నేను అవి కూడా తినను. తేనె కూడా."

క్యాంటీనక్క నవ్వేసింది. "మరి గాలి పీల్చొచ్చా, దానికీ ఏమైనా పట్టింపుందా? వెన్నా లేదు, పాలూ లేవు. గింజలు, ఉల్లిపాయ, కాస్త చేపల పొడి. అంతే."

కిటికీ పక్కనే కూర్చున్న మాస్టారు ముద్ద నోట్లో పెట్టుకోబోతున్నాడు. చెయ్యి అలాగే ఆగిపోయింది.

"ఏం పొడి?"

"అదేనండీ, అమ్మ పొడి."

పక్క గదిలో మిషను దిగింది. గరిటెలు గలగలమన్నాయి. మాస్టారు లేచి కుళాయి దగ్గరికి వెళ్లి పుక్కిలించాడు. మళ్లీ పుక్కిలించాడు. ఎన్నిసార్లు కడిగితే తొమ్మిదేళ్లు పోతాయి? ఆఖరికి కాగితపు కట్టల మీద కూలబడ్డాడు.

"చేప మాంసం కాదు కదండీ," అంది క్యాంటీనక్క. ఆమెకింకా అర్థం కాలేదు.

బొమ్మలమ్మాయి ఆమెని పక్కకి తీసుకెళ్లింది. మెల్లగా, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పింది.

"చేప కూడా ప్రాణమే కదత్తా. మాస్టారు శాకాహారి. ప్రాణమున్న దేన్నీ చంపి తినరు, చేపనైనా సరే. పాలూ పెరుగూ తీసుకుంటారు. అలాంటివాళ్లలో గుడ్డు తినేవాళ్లూ ఉంటారులే, ఆయన తినరు. నేను వీగన్ని. పాలూ, గుడ్డూ, తేనె, జంతువుల నుంచి వచ్చేదేదీ తినను."

"మరి నేను?"

"నువ్వు వేరు. మాంసం మానేసి చేప తినేవాళ్లని పెస్కటేరియన్లంటారు."

క్యాంటీనక్క కొంగుతో మూతి తుడుచుకుంది. తుడుచుకోవడానికి అక్కడ ఏమీ లేదు. యాభై ఎనిమిదేళ్లు ఒక మనిషిననుకుని బతికింది. ఇప్పుడు నిన్న గాక మొన్న వచ్చిన పిల్ల, నువ్వు ఇంకొకరివి అంటోంది. పైగా నోరు తిరగని పేరొకటి. వాళ్లమ్మ ఉంటే ఆ పేరు విని ఏమనేదో.

సాయంత్రానికి ప్రెస్సు యజమాని ఆమెని పిలిపించాడు. "మాస్టారు నీ మీద ఒక్క మాట రాసిస్తే చాలు, రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు. రాయకపోతే నీ అదృష్టం."

మాస్టారు రాయలేదు. రాయనని చెప్పనూ లేదు. తన గదిలోనే కూర్చుని రొట్టె, అరటిపండు తిన్నాడు. పది రోజులు కిటికీ వైపు రాలేదు. ఆమెకి ముద్ద దిగలేదు. పొడి డబ్బా ఇంటికి పట్టుకుపోయింది. పాత చిన్న గిన్నెని పీచు పెట్టి తోమింది, సరిపోదనిపించి మూలన పడేసింది. కొత్తవి మూడు తెచ్చి పిడులకి దారాలు కట్టింది. తెల్లదారం మాస్టారిది, పచ్చదారం బొమ్మలమ్మాయిది, నీలం తనది. గరిటెలూ మూడే. పొడి లేకుండా తెల్లదారం కూరలో ఆ కమ్మదనం రావడం లేదు. పుట్టగొడుగులు ఎండబెట్టి దంచి చూసింది, నువ్వులు వేయించి చూసింది. రోజూ ఆ గిన్నె నిండుగా వండేది. ఎవరూ తినక, సాయంత్రానికీ అది నిండుగానే ఉండేది.

పదకొండో రోజు మధ్యాహ్నం కిటికీ దగ్గర ఖాళీ ప్లేటు కనిపించింది. దాని వెనక ఎర్ర పెన్సిలు. తినేవాళ్లంతా ప్లేట్లు పక్కన పెట్టి అటే చూశారు. వీధి వీధంతా చెవులు కొరుక్కుందే కానీ ఎదురుగా నిలబడి అడిగినవాళ్లు అప్పటిదాకా లేరు.

"ఒక్కటే అడుగుతాను, నిజం చెప్పమ్మా," అన్నాడు మాస్టారు. "తొమ్మిదేళ్లు. నీకు నిజంగా తెలియదా?"

ఆమె తెల్లదారం గిన్నె మూత మీద చెయ్యి పెట్టింది.

"తెలిసుంటే మీకింకో గిన్నె పెట్టేదాన్ని కదండీ. గిన్నె తోముకోవడం నాకో బరువా? ఇంతమందిలో నాలాంటి మనిషి మీరొక్కరు దొరికారనుకున్నాను. అందుకే ఇద్దరికీ ఒకే గిన్నె పెట్టాను."