మూడో పోగు

మా మనవరాలికి ఈమధ్య ఒక పిచ్చి పట్టింది. బేకరీ నుంచి అరచేతిలో ఇమిడే బుల్లి బన్నులు తెస్తుంది. వాటిని అడ్డంగా కోసి మధ్యలో పెద్దకూర ఖీమా పెడుతుంది. ఖీమా పొడిగా ఉండకూడదట, పులుసు కారుతూ ఉండాలట. అందులో టమాట సాసు పోస్తుంది, చెంచాడు చక్కెర కూడా వేస్తుంది. కూరలో చక్కెరేమిటే, పాయసం చేస్తున్నావా అని నేను ఎగతాళి చేస్తే, నీకు తెల్వదు ఊకో అవ్వా అంటుంది. నాకు తెలియదట! ఎనభై దాటినదాన్ని, నాకేం తెలుస్తుంది మరి.

మొన్న ఆదివారం పొయ్యి ముందు నిలబడి కేకేసింది. "అవ్వా, ఎంతమందిమి తింటం?"

మామూలు మాటే. నలుగురం అంటే సరిపోయేది. నువ్వే లెక్కపెట్టుకో అన్నాను. ఎనిమిదేళ్ల వయసు నుంచీ ఎవరు ఈ మాట అడిగినా నేను లెక్క చెప్పను. ఎందుకన్నది నా పిల్లలకు కూడా చెప్పలేదు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఇన్నేళ్లు ఊరుకున్నాను. ఇంకా ఊరుకుంటే నాతోనే మట్టిలో కలుస్తుంది, అందుకే చెబుతున్నాను.

మాది మోత్కూర్ వైపు ఊరు, మాదిగవాడ. ఇంట్లో అమ్మ, బాపు, నేను. బాపు చెప్పులు కుట్టేవాడు. ఏడాదికి ఇన్ని జతలని దొర గడీకి ఊరికే ఇవ్వాలి, అది వెట్టి. వెట్టి చెయ్యొద్దని ఊళ్లో సంఘం లేచాక బాపు ఇవ్వనన్నాడు. గడీ ముందు కట్టేసి కొట్టారు. దవడ విరిగింది, నోట్లో పళ్లు సగానికి పైగా రాలిపోయాయి. మాకు దవాఖాన ఎక్కడిది? అమ్మ పసుపు పట్టించి గుడ్డ కట్టింది. దవడ వంకరగా అతుక్కుంది. నోరు రెండు వేళ్లు పట్టేంత మాత్రమే తెరుచుకునేది. లేచి నడవగలిగిన రోజునే బాపు గుట్టల్లోకి పోయి సంఘం వాళ్లలో కలిశాడు.

తర్వాత పోలీసు యాక్షన్ వచ్చింది. నిజాం రాజ్యం పోయింది, ఇక ఫికర్ లేదు, అందరూ ఇళ్లకు రావచ్చు అన్నారు. కొందరు వచ్చారు. సంఘానికి భయపడి పట్నం పారిపోయిన దొర కూడా వచ్చాడు, ఈసారి తెల్లటోపీ పెట్టుకుని. ఊరి బయట మిలిటరీ క్యాంపు పడింది. గుట్టల్లో ఉన్నవాళ్లను వెతికి పట్టుకుపోయేవారు, పోయినవాళ్లు తిరిగి వచ్చేవారు కాదు. అందుకని బాపు దిగి రాలేదు. అడిగినవాళ్లందరికీ అమ్మ ఒకటే చెప్పేది, బొంబాయి పోయిండు, మిల్లుల పని దొరికింది అని. మావైపు నుంచి బొంబాయి పోయేవాళ్లు కొల్లలు కాబట్టి అందరూ నమ్మారు. మా వాడకట్టు పెద్దమనిషికి ఒక్కడికే నిజం తెలుసు. అమ్మకు ఆయన మామ వరస, నేను తాతా అనేదాన్ని.

ఊళ్లో ఎద్దో బర్రో చస్తే మావాళ్లకు కబురొచ్చేది. తోలు ఊరి పటేలుకు, కూర మాకు. తాత కోసేవాడు. నేల మీద మోదుగాకులు పరిచి, కూరను కుప్పలు కుప్పలుగా పెట్టేవాడు. ఒక్కో కుప్ప ఒక పోగు, తినే మనిషికి ఒక పోగు. ప్రతి పోగులోనూ ఇంత కార్జం, ఇంత కొవ్వు, ఇంత ఎముక పడాలి. గిన్నె పట్టుకుని పోయినవాళ్లను తాత ఎంతమంది అని అడిగేవాడు. ఎంత చెబితే అంత పెట్టేవాడు, ఎదురు ప్రశ్న లేదు. ఎందుకంటే పోగుల కాడ మావాళ్లు అబద్ధమాడరు. పటేలు దగ్గర ఆడొచ్చు, దొర దగ్గర ఆడితే పుణ్యం కూడా వస్తుంది. పోగుల కాడ ఆడితే పక్కింటి పిల్లల నోటి కాడి కూర లాక్కున్నట్టే. ఈ సంగతి ఊరంతటికీ తెలుసు.

అమ్మ ఎప్పుడు పోయినా ఇద్దరం అనే చెప్పేది. అది అబద్ధం కాదు. ఆ రెండు పోగులూ తినేది ఇద్దరమే, నేనూ బాపూ. అమ్మ తినేది కాదు.

బాపు కూర ముక్క నమలలేడు కదా. అందుకని అమ్మ ఆయన పోగును కత్తిపీట మీద సన్నగా కోసి, నరాలు ఏరేసి, రోట్లో వేసి దంచేది. అప్పట్లో ఖీమా అనే మాట మా ఇంట్లో లేదు. దంచిన కూర అనేవాళ్లం. మాంసం దంచే చప్పుడు జొన్నల చప్పుడులా ఉండదు, మెత్తగా, తడిగా ఉంటుంది. గట్టి పళ్లున్న తల్లీ కూతురూ కూర ఎందుకు దంచుకుంటున్నారని ఎవరికైనా అనుమానం రావచ్చు. అందుకే ఇరుగుపొరుగు రోకళ్లు లేచే వేళ చూసి తనూ రోకలి ఎత్తేది. కుండలో కొవ్వు కరిగించి, ఎల్లిగడ్డ, ఎండుమిరపకాయలు నూరిన ముద్ద వేసి, దంచిన కూర వేసి, చింతపండు పులుసు పోసేది. చివర్లో పిడికెడు జొన్నపిండి నీళ్లలో కలిపి పోస్తే చిక్కబడేది.

రొట్టెలు కూడా వేరుగా చేసేది. మామూలు జొన్నరొట్టె బాపు దవడకు లొంగదు. ఉడుకు నీళ్లతో పిండిని బాగా పిసికి, నా అరచెయ్యంత రొట్టెలు తట్టేది. ఒకదాని మీద కూర పరిచి, ఇంకొకటి పైన మూసి, మోదుగాకులో చుట్టి పుల్ల గుచ్చేది. గుట్ట ఎక్కేసరికి రొట్టె పులుసు తాగి మెత్తబడేది. గంప అడుగున పొట్లాలు, పైన పాతగుడ్డ, కొడవలి. పుల్లలు ఏరుకోవడానికి పోతున్నట్టు పట్టపగలే పోయేవాళ్లం.

పోయే ముందు అమ్మ ఖాళీ కుండను వేలితో తుడిచి ఆ వేలు నాకేది. నేను చూడట్లేదనుకునేది. నువ్వు తినవా అంటే, నాకు సయించదు బిడ్డా అనేది. పెద్దకూర సయించని ఆడమనిషి మా వాడలో ఎక్కడుంది? ఎనిమిదేళ్లదాన్నైనా నాకు ఆమాత్రం తెలివి ఉంది. ఉన్న తెలివంతా అదే, అదే నా కొంప ముంచింది.

ఆ ఎండాకాలం పటేలు ఎద్దు చచ్చింది. అమ్మ మడమలో తుమ్మముల్లు విరిగి కాలు కుండలా వాచి ఉంది. రెండడుగులు వేస్తే కూలబడుతోంది. గిన్నె నా చేతికిచ్చింది.

"ఇద్దరమని చెప్పు బిడ్డా. ఇంకో మాట మాట్లాడకు."

దారి పొడుగునా నేను ఆలోచించింది ఒకటే. మూడు పోగులు తెస్తే అమ్మ కూడా తింటుంది. తోలు కోసుకుపోకుండా కాపలాకు పటేలు మనిషి వచ్చి బండ మీద కూర్చున్నాడు. నేను ఆయన్ని పట్టించుకోలేదు. నా వంతు వచ్చింది. తాత ఎంతమంది అని అడిగాడు. మేం ఎప్పుడూ ఇద్దరమనే చెబుతామని ఆయనకు తెలుసు, అలవాటుగా అడిగాడు. నేను ముగ్గురం అన్నాను.

తాత చెయ్యి ఆగిపోయింది. ఒక్క క్షణం నా మొహం చూసి, దీనికింకా లెక్క రాదు అని ఎవరితోనో అన్నట్టు అని, గిన్నెలో రెండు పోగులు వేశాడు.

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. కానీ నాకు కోపం వచ్చింది. అందరి ముందు లెక్క రాదంటాడా? నాకు చిన్నప్పటి నుంచీ ముక్కు మీదే కోపం. నేల మీద మిగిలిన పోగులను వేలు పెట్టి చూపిస్తూ ఒకటి, రెండు అని గట్టిగా పదకొండు దాకా లెక్కపెట్టాను. చూసినవా తాతా, నాకు లెక్క వస్తది, మేం ముగ్గురం అన్నాను. నా నాలుక తెగిపోయినా బాగుండేది.

పటేలు మనిషి బండ మీద నుంచి నవ్వాడు. ఆ నవ్వు నాకు మెచ్చుకున్నట్టే అనిపించింది.

"పిల్ల మంచి హుషారున్నది. పెట్టు, మూడో పోగు గూడ పెట్టు. పోగుల కాడ మీరు అబద్ధమాడరు గద."

తాత మూడో పోగు వేశాడు. నావైపు చూడలేదు.

ఇంటికి పోయి, తాతే ఎక్కువ పెట్టిండు అని అమ్మతో చెప్పాను. పోగుల కాడ నిజం చెప్పి ఇంట్లో అబద్ధమాడాను. అమ్మ సంతోషపడింది, మామ ధర్మాత్ముడు అంది. నేను అనుకున్నది మాత్రం జరగలేదు. ఎక్కువ వచ్చిన కూర కూడా రోట్లోకే పోయింది. ఎప్పుడూ నాలుగు పొట్లాలు కట్టేది, ఆ రోజు ఏడు కట్టింది. కుండ వేలితో తుడుచుకుని నాకింది. నాకు ఏడుపొచ్చింది. కాలుకు గుడ్డ చుట్టుకుని, కర్ర పట్టుకుని, నన్ను ఊతం చేసుకుని గుట్టకు బయలుదేరింది.

తాత మాకు చెప్పడానికి రావాలనుకున్నాడు. తోలు పరిచి ఉప్పు పట్టించేదాకా కదలొద్దని పటేలు మనిషి ఆయన్ని అక్కడే కూర్చోబెట్టి తాను లేచి క్యాంపుకు పోయాడు. క్యాంపు నుంచి ఇద్దరు వచ్చి తాత పక్కన నిలబడ్డారు. ఇదంతా మాకు తర్వాత తెలిసింది.

బాపు బండల చాటున ఉన్నాడు. ఏడు పొట్లాలు చూసి, ఏమైందే, పెండ్లా అని అమ్మను ఆటపట్టించాడు. నోరు వంకర కదా, నవ్వితే సగం మొహమే నవ్వేది. రొట్టెను పక్కనుంచి నోట్లోకి తోసుకుని, దవడ అటూ ఇటూ ఆడిస్తూ తినేవాడు. పులుసు గదవ మీదుగా కారుతుంటే నేను మోదుగాకుతో తుడిచాను. నాలుగు తిన్నాడు. అంత కడుపునిండా తిన్నది నేను ఎప్పుడూ చూడలేదు. అయిదోది చేతిలోకి తీసుకుని అమ్మ మొహంలోకి చూశాడు.

"నువ్వు తిన్నవా?"

"తిన్న," అంది అమ్మ.

తినలేదు బాపూ అని చెబుదామని నేను నోరు తెరిచాను. అప్పుడే కింద రాళ్లు దొర్లిన చప్పుడైంది.

క్యాంపు వాళ్లు చాలామంది వచ్చారు. బాపు పరుగెత్తలేదు. మేము పక్కనే ఉన్నాం కదా, పరుగెత్తితే మా మీదికి కాలుస్తారనుకున్నాడేమో. చేతిలో రొట్టెను అమ్మ ఒళ్లో పెట్టి లేచాడు. మమ్మల్ని కొట్టలేదు, పొండి అన్నారు. అమ్మ పోలేదు. కాళ్లు పట్టుకుంది, మొత్తుకుంది. ఇద్దరు మమ్మల్ని కిందికి ఈడ్చుకొచ్చారు. సగం దారిలో ఉండగా గుట్ట అవతల నుంచి రెండు తుపాకీ చప్పుళ్లు వినిపించాయి. శవాన్ని కూడా ఇవ్వలేదు.

ఆ సాయంత్రం తాత వచ్చాడు. నేను తడక వెనక ముడుచుకుని కూర్చున్నాను. నిద్రపోయాననుకున్నారు. పొద్దున జరిగింది ఆయన పూసగుచ్చినట్టు అమ్మకు చెప్పాడు. నేను ముగ్గురం అనడం, లెక్కపెట్టడం, ఆ మనిషి నవ్వడం. లెక్కపెట్టిన వేలిని నేను పిడికిట్లో దాచుకున్నాను.

"దాని ముందట గీ మాట ఎన్నడు అనకు మామా. అది బతకాలె," అంది అమ్మ.

తాత ఎన్నడూ అనలేదు. అమ్మ ఎన్నడూ అనలేదు. నేను విన్నానని అమ్మకు నేనూ చెప్పలేదు. ఒకే కప్పు కింద అన్నేళ్లు బతికి, ఒకరికొకరం ఆ మాట దాచుకుని, ఆమె పోయింది. బాపును చంపింది తుపాకీ అని నాకు తెలుసు, పటేలు మనిషి అని తెలుసు. ఎవరెన్ని చెప్పినా, ఆ పదకొండు పోగులు నా వేలితో లెక్కపెట్టింది మాత్రం నేనే.

వానలు పడ్డాక ఊళ్లో ఒక బర్రె చచ్చింది. అమ్మ కాలు నయమైంది, తనే పోవచ్చు. అయినా గిన్నె నా చేతికే ఇచ్చింది. నేను పోనని ఏడ్చాను. నా తల నిమిరి, అప్పటి మాటే మళ్లీ చెప్పింది, ఇద్దరమని చెప్పు బిడ్డా అని. నా చేతికే మళ్లీ ఎందుకిచ్చిందో అప్పుడు తెలియలేదు. పోగుల కాడికి పోవడానికి నేను జన్మంతా భయపడకూడదని ఇచ్చిందని ఇప్పుడనుకుంటాను.

ఆ రోజు తాత నన్ను ఎంతమంది అని అడగలేదు. మూడు పోగులు వేశాడు. వద్దు తాతా, ఇద్దరమే అన్నాను. చచ్చినవాళ్ల పోగు ఏడాది దాకా తీయకూడదు, ఇది మీ బాపుది, తీసుకపో అన్నాడు. వాడకట్టు అంతా నిలబడి ఉంది. ఎవరూ ఆ పోగుకు అడ్డు చెప్పలేదు.

అమ్మ మూడో పోగును కత్తిపీట మీద కోసింది, నరాలు ఏరింది, రోట్లో వేసి దంచింది. చుట్టుపక్కల ఒక్క రోకలి కూడా లేవని వేళ, వాడంతా వినేట్టు దంచింది. పులుసు పోసింది. అరచెయ్యంత రొట్టెలు తట్టి, కూర పరిచి, పైన ఇంకొకటి మూసింది. ఆకులో చుట్టబోయి ఆగింది. ఒకటి నాకిచ్చి, ఒకటి తను తీసుకుని నా ఎదురుగా కూర్చుంది.

నేను ఆ మూడో పోగు అడిగింది అమ్మ తినాలనే. ఆ రోజు అమ్మ తిన్నది.