వెలుతురు లేకుండ దిగిన ఫొటో

హాలియాలో ఒక చిన్న ప్రైవేటు దవాఖానల పరశురాములు ఇరవై రెండేండ్లు ఎక్స్‌రేలు తీసిండు. మాట తక్కువ మనిషి. మిషన్ నొక్కే ముందు గదిల ఇంకెవరూ లేరని రెండుసార్లు చూసుకునేటోడు.

2016ల ఆయన బావ బీరన్న గొర్లు మేపే గుట్ట నుంచి నల్లటి రాయి ఒకటి తెచ్చిచ్చిండు. పిడికెడంతే ఉన్నా బరువుగ ఉండె. పరశురాములు దాన్ని డార్క్‌రూంల ఫిలిం ప్యాకెట్ మీద పెట్టిండు. దాని కింద బీరువా తాళంచెవి పడి ఉన్నది ఆయన చూడలేదు. ఆ నెలలనే దవాఖానకు కంప్యూటర్ మిషన్ వచ్చింది. ఫిలింతోని పని పడలే.

మూడు నెలలకు, మిగిలినవి పనికొస్తయో లేదో చూద్దామని ఒక ఫిలిం కడిగిండు. నడుమ నల్లటి మరక, ఆ మరకల తెల్లగ తాళంచెవి ఆకారం తేలింది. ప్యాకెట్ సీలు తియ్యలేదు. ఎవరూ మిషన్ నొక్కలేదు.

రాయి పట్టుకొని నల్లగొండల ఫిజిక్స్ లెక్చరర్ మంజులత దగ్గరికి పోయిండు. ఆమె రేడియేషన్ కొలిచే మీటర్ దగ్గర పెడితే అది టిక్కు టిక్కుమన్నది. నడుమ కాగితం అడ్డం పెడితే కొంత తగ్గింది. అల్యూమినియం రేకు పెడితే ఇంకా తగ్గింది. మందమైన సీసం పలక పెట్టినా పూర్తిగ ఆగలే. రాయిలోని కొన్ని పరమాణువులు నిలకడగ ఉండలేవని ఆమె చెప్పింది. కొన్ని బరువైన ముక్కను విసురుతయి, అది కాగితం దాటదు. కొన్ని ఎలక్ట్రాన్‌ను విసురుతయి, అది రేకు దాక వస్తది. వాటి వెంట వచ్చే కిరణం గోడ కూడ దాటుతది. విసిరిన ప్రతిసారి ఆ పరమాణువు వేరే పదార్థమైతది. ఏ పరమాణువు ఎప్పుడు పగులుతదో ఎవరూ చెప్పలేరు.

తర్వాత రాయిని రేకు డబ్బాల పెట్టి మూతేసి, పది రోజులకు రమ్మన్నది. పది రోజులకు ఆయన మళ్ల వచ్చినంక రాయి తీసి దూరంగ పక్క గదిల పెట్టింది. ఖాళీ డబ్బా దగ్గర మీటర్ పెడితే, అది టిక్కుమంటనే ఉన్నది.

"లోపల ఏం లేదు గద, మేడం?"

"రాయిలకెల్లి రేడాన్ అనే గ్యాస్ లేస్తదన్నా. అది పగిలి మళ్ల గట్టి పదార్థమైతది, గోడలకు అంటుకుంటది. కండ్లకు కనపడదు. మూసిన గదైతే మనం పీలుస్తం, ఏండ్లకేండ్లు పీలిస్తే ఊపిరితిత్తులకు క్యాన్సర్ రావొచ్చు."

ఆ మధ్యాహ్నమంత ఇద్దరూ డబ్బా ముందల కూసున్నరు. గోడలకు అంటుకున్నది పగులుకుంట తరుగుతుంటే, అరగంటకు చప్పుడు సగమైంది. ఇంకో అరగంటకు అండ్ల సగం.

పరశురాములుకు బీరన్న భార్య, తన అక్క బక్కమ్మ యాదికొచ్చింది. బీరన్న ఇంట్ల లోపలి గది మొత్తం ఆ గుట్ట రాయితోనే కట్టిండు. కిటికీ లేదు. అక్క పదకొండేండ్లుగ అండ్లనే పంటది. మర్నాడే మంజులతను వెంటబెట్టుకొని అక్క ఇంటికి పోయిండు. తలుపు తియ్యంగనే మీటర్ ఆగకుండ కొట్టింది. బక్కమ్మ మంచం మీదనే కూసొని విన్నది.

"గింతకాలం గీ చప్పుడు నా పక్కనే ఉన్నదారా?" అన్నది.

బీరన్న గడ్డపార తెచ్చి గాలి ఆడేటట్టు ఎదురెదురు గోడలకు రెండు బొక్కలు కొట్టిండు. మంచం బయటి రేకుల కిందికి మారింది. నెలకు మంజులత మళ్ల కొలిస్తే చప్పుడు చాన తగ్గింది. డాక్టర్లు బక్కమ్మ ఛాతీ చూసి ఏం లేదన్నరు. ఏటేట వచ్చి చూపించుకోమన్నరు.

ఇప్పుడు ఆమెకు అరవై నాలుగు. చలికాలంల ఆమె మళ్ల లోపలనే పండుకుంటది, చలి రాకుండ ఆ బొక్కలకు గోనెసంచి కుక్కుతది. పరశురాములు పోయినప్పుడల్ల పీకేసి వస్తడు.