రెండడుగుల సంచీ, ఆరడుగుల సంచీ

పోయిన ఆదివారం చాండ్లర్‌లో మా తెలుగు చర్చిలో ఆరాధన ముగిసి, అందరం బిర్యానీ ప్లేట్లు పట్టుకుని నిలబడ్డాం. స్నేహితురాలి కూతురు పరుగున వచ్చి, "ఆంటీ, మా క్లాస్‌లో మీ థీసిస్ చదివిస్తున్నారు! మీరు ఫేమస్ తెలుసా?" అంది. ఈ దేశంలోనే పుట్టిన పిల్ల, ఆర్కియాలజీ చదువుతోంది. సంతోషించాలి కదా? నేను ప్లేటు పక్కన పెట్టేశాను. నలభై ఏళ్లుగా దాచుకు తిరుగుతున్న సిగ్గు అది.

ఎనభైల మొదట్లో నేను ఈ రాష్ట్రంలోనే ఒక యూనివర్సిటీలో పరిశోధన చేశాను. ఎప్పుడో చనిపోయిన ఒక మహానుభావుడు తవ్వి తీసిన కుండపెంకుల సంచులు విప్పి చూడటం నా పని. ఆయన్ని పెద్దాయన అందాం. ఈ ఎడారిలో ప్రాచీనులు వదిలి వెళ్లిన మట్టిదిబ్బల్ని తవ్విన మొదటి తరంవాడు. మా ప్రొఫెసర్ ఆయన శిష్యుడు. శిష్యుడంటే అలాంటిలాంటి శిష్యుడు కాదు. గదిలో పెద్దాయన ఫోటో, పెద్దాయన టోపీ, పెద్దాయన కుర్చీ. ఆ కుర్చీలో ఎవరూ కూర్చోకూడదు. ఫోటోకి దండా, అగరొత్తులూ తక్కువ, అంతే. గురుభక్తి మన సొత్తనే భ్రమతో విమానం ఎక్కినదాన్ని, ఇక్కడ దాని అసలు రూపం చూశాను.

సంచులన్నీ యూనివర్సిటీ మ్యూజియం కింద, కిటికీలు లేని గదిలో ఉండేవి. బయట నిప్పులు చెరిగే ఎండ కాబట్టి మొదట్లో అక్కడ హాయిగానే ఉండేది. ప్రతి కాగితపు సంచీ మీదా పెన్సిల్‌తో లోతు రాసి ఉంటుంది: రెండడుగులు, ఆరడుగులు. లోతుకు పోయేకొద్దీ వస్తువు పాతదన్నమాట. ఆ లోతుల మీదే పెద్దాయన శతాబ్దాల లెక్కంతా కట్టాడు. ఒకరోజు రెండడుగుల సంచీలో ఒక పెంకు మీద ఎర్రరంగు పక్షి తల కనిపించింది. దాని తోక ఆరడుగుల సంచీలో దొరికింది. పక్కపక్కన పెడితే సరిగ్గా అతికాయి. ఒకే గిన్నె! ఒక్కటైతే ఏ ఎలుకో లాక్కుపోయిందనుకోవచ్చు. వారంలో పదకొండు గిన్నెలు అలాగే కలిశాయి. అప్పుడు పెద్దాయన నోట్‌బుక్ తీశాను. ఎక్కడ నిలబడితే అక్కడి నేల నుంచే లోతు కొలిచాడాయన! దిబ్బ పైన ఆరడుగులకు తగిలే పొర, వాలు కింద రెండడుగులకే తగులుతుంది. మన ఊళ్లో తాపీమేస్త్రీ కూడా దారం కట్టి మట్టం చూడకుండా ఇటుక పెట్టడే!

మెచ్చుకుంటాడనుకుని, పిచ్చిదాన్ని, ఆ రెండు పెంకులూ ప్రొఫెసర్ బల్ల మీద పెట్టాను. ఆయన వాటిని విడదీసి, దేని సంచీలో దాన్ని వేసేశాడు.

"మీ దేశంలో గురువులకిచ్చే మర్యాద ఇదేనా?" అన్నాడు.

ఒళ్లు మండిపోయింది. "నోట్‌బుక్ చూడండి, కొలతే తప్పు," అన్నాను.

"ఆయన కొలత తప్పయితే నీకిక్కడ పని లేదు. అసిస్టెంట్‌షిప్ పోతే వీసా ఏమవుతుందో తెలుసుగా?" అన్నాడు, నవ్వుతూనే.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనేవాళ్లను చూశాను. ఈయన నాలుగో కాలు చూసినవాళ్ల కళ్లు పొడిచే రకం. చచ్చినవాడి పరువు కోసం బతికున్నదాని నోరు నొక్కాడు. మూడు నెలలు ఆయన్ని తిట్టుకుంటూ ఏడ్చాను. తర్వాత, "లోతులన్నీ సరిచూశాను, పెద్దాయన కట్టిన కాలక్రమం నిలుస్తుంది" అని థీసిస్‌లో నా చేత్తో నేనే టైపు చేశాను. పదకొండు గిన్నెల ఊసే ఎత్తలేదు. పట్టా వచ్చిన రోజున ప్రొఫెసర్ నన్ను పెద్దాయన కుర్చీలో కూర్చోమన్నాడు. కూర్చున్నాను కూడా. ఆ తర్వాత ఆ చదువు వైపు మళ్లీ చూడలేదు. కంప్యూటర్ చిప్పుల కంపెనీలో చేరి రిటైరయ్యాను.

ఇవేవీ తెలియని పిల్ల ఆ ఆదివారం ఇంకా నా ముందే నిలబడి ఉంది. "అందరూ ఆ దిబ్బల డేట్స్‌ని నమ్మేది మీరు చెక్ చేశారనే, ఆంటీ," అంది పిల్ల మురిసిపోతూ.

"చెక్ చేశానమ్మా. తప్పని తేలింది. తెలిసే ఒప్పని రాశాను."

పిల్ల ముఖంలో నవ్వు ఆగిపోయింది. "ఎందుకు, ఆంటీ?"

"భయమేసి."

పిల్ల మెల్లగా, "మా ప్రొఫెసర్‌కి చెప్పనా?" అంది.

"చెప్పు. నా పేరుతోనే చెప్పు."

నన్ను బెదిరించిన ప్రొఫెసర్ పోయి చాలా ఏళ్లయింది. తిట్టడానికి కూడా మనిషి లేడు, మిగిలింది నేనే. కాలమే నిజాన్ని బయటపెడుతుందంటారు. ఏం పెడుతుంది, నా బొంద! మనం నోరు విప్పేదాకా అదీ మన పక్కనే నోరు మూసుకుని కూర్చుంటుంది.