గడప బయటి చెప్పులు

మేం దొరలుగా బతికిన గడీ పోయింది, పొలాలు పోయాయి. మిగిలింది తాతగారి నగిషీ కుర్చీ ఒక్కటే. హనుమకొండలో ఫోటో దుకాణం పెట్టినప్పుడు దాన్ని తెర ముందు వేశాను. వకీళ్లు, షావుకార్లు అందులో కూర్చుని ఫోటో దిగేవారు. తక్కినవాళ్లను పక్కన నిలబెట్టేవాణ్ణి. అదే పద్ధతి అనుకునేవాణ్ణి.

పంతొమ్మిది వందల నలభైల నడుమ ఒక ఉదయం పరకాల వైపు పల్లె నుంచి ఒక జీతగాడు వచ్చాడు. దొర దగ్గర వెట్టి చేయలేక పారిపోయి వచ్చాడు. సాయంత్రం బండికి డోర్నకల్ వెళ్లి రైలు పట్టాల పనిలో చేరాలని ఆశ. పోయేముందు తల్లికి ఒక ఫోటో పంపాలట.

అతన్ని కుర్చీ పక్కన నిలబెడుతుండగా వీధిలో ఒక గొంతు వినిపించింది. అతని మొహం పాలిపోయింది.

"మా దొర మనిషి," అన్నాడు.

అతన్ని తెర వెనక్కి నెట్టాను. అప్పుడు కనిపించాయి, గడప బయట అతని చెప్పులు. దొరల ముందు చెప్పులు తొడగరాదన్న భయం అతనితోపాటే ఊరు దాటి వచ్చింది.

దొర మనిషి కర్రతో వచ్చి నిలబడ్డాడు.

"దండం దొరా. మా జీతగాడొకడు ఉరికిండు. ఇటు గిన వచ్చిండా?"

"రాలే."

"మరి గీ చెప్పులెవ్వరియి? మా దిక్కు కుట్టినట్టున్నయ్." కర్ర కొసతో ఒకదాన్ని తిరగేశాడు.

నా బూట్లు అప్పుడు విడిచి ఉన్నాయి. అతని చూపు చెప్పుల మీదుండగా వాటిని కాలితో బల్ల కిందికి తోసి, బయటికొచ్చి ఆ చెప్పుల్లో కాళ్లు పెట్టాను. నౌకరు చెప్పు తగిలితే స్నానం చేసే ఇల్లు మాది. చెప్పులు నాకు పొట్టివి; మడమలు వెనక నేలకు దిగాయి.

"నావి."

అతను నా పాదాలు చూసి నవ్వాడు. "గడీతోని బూట్లు గూడ పోయినయా దొరా? మీ తాత కిర్రుచెప్పుల సప్పుడుకు బజారంత లేచి నిలవడేదట."

"నిలవడేది. నువ్వు గూడ జర పక్కకు నిలవడు. నాకు పనున్నది."

తలుపు దగ్గరికి లాగి నడిచాను. అతను నా వెంటే వచ్చాడు. చౌరస్తాలో పాన్ దుకాణం ముందు నా చెప్పులు చూపించి నలుగురినీ నవ్వించాడు. నేను మెడ వంచలేదు. నవ్వులయ్యాక అతను జీతగాణ్ణి వెతుక్కుంటూ స్టేషన్ దారి కాక, కోట దారి పట్టాడు.

తిరిగొచ్చి చెప్పులు జీతగాడి ముందు పెట్టాను.

"మీరు తొడిగినయి నేనెట్ల తొడగాలె దొరా?"

"తొడుగు. కుర్చీల కూసో."

అంచున కూర్చున్నాడు. పాదాలు కూడా పడేలా కెమెరాను వెనక్కి జరిపాను. సాయంత్రం అతన్ని నేనే బండి ఎక్కించాను.

ఆ ఎండాకాలం కుర్చీని, కెమెరాను ఎడ్లబండిలో వేసుకుని పల్లెలకు బయలుదేరాను. ఆ తర్వాత ఎవరి ఫోటోనూ పాదాలు వదిలేసి తీయలేదు.