కెనాల్ కట్ట మీద సైకిలు లైటు

మా ఊళ్లో ఒకప్పుడు ఏ ఇంటి గోడకు చూసినా మగవాళ్ల సైకిలు ఒకటి ఆనించి ఉండేది. తొక్కే మనిషి ఉండేవాడు కాదు. వానలు లేక బావులు అడుగంటిన ఏళ్లవి. తాటిచెట్లు కూడా కల్లు సరిగా పారడం మానేశాయి. మల్లాపూర్ దిక్కున ఉన్న మా ఊరి నుంచి మగవాళ్లు ఒకరి వెనక ఒకరు విమానం ఎక్కారు. ఏ దేశం పోయినా మా దగ్గర దుబాయి పోయిండనే అంటారు. మా ఆయన పోయింది మస్కట్‌కు. ఇక్కడ తాటిచెట్టు ఎక్కే మనిషి అక్కడ రాత్రిపూట రోడ్ల పక్కన పైపుల కోసం గుంతలు తవ్వే పనిలో కుదిరాడు.

సైకిలు నాకు మిగిలింది. మా యారాలిని, అంటే మా బావ భార్యను, నేను అక్కా అని పిలిచేదాన్ని. బావ కూడా గల్ఫ్‌లోనే ఉన్నాడు. ఇద్దరం కోత అయిపోయిన మడిలో పడుతూ లేస్తూ తొక్కడం నేర్చుకున్నాం. నడుమ కడ్డీ అడ్డం కాబట్టి చీరకు గోచి పోసుకునేవాళ్లం. గట్టు మీద కూచుని నవ్విన ఒక ముసలాయనకు అక్క అక్కడికక్కడే జవాబిచ్చింది.

"నవ్వు మామా, నవ్వు. నీ కొడుకు సైకిలు గూడ తుప్పు పడ్తున్నది గద. నీ కోడల్ని తోలియ్యి, ఆమెకు గూడ నేర్పిస్తం."

ముసలాయన బీడీ ముట్టించుకుని అటు తిరిగాడు.

కెనాల్ నీళ్లు అందే చోట మాకు చిన్న చెలక ఉంది. టమాట, చిక్కుడు, పాలకూర వేసేవాళ్లం. కోరుట్ల మార్కెట్లో హర్రాజు, అంటే వేలం పాట, తెల్లవారకముందే అయిపోతుంది. వెలుగు వచ్చాక చేరిన కూరకు అడిగే దిక్కుండదు. ఆటో ఆ వేళకు దొరకదు, దొరికినా కట్ట మీదికి రాదు. అందుకని చీకట్లోనే వెనక క్యారేజీకి రెండు పక్కలా బస్తాలు కట్టి, హ్యాండిలుకు ఆకుకూర సంచి వేలాడదీసి బయలుదేరేవాళ్లం. కెనాల్ కట్ట మీద చాలా దూరం పోతేగాని తారు రోడ్డు రాదు. కట్టకు ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క జారుడు. నడుమ ట్రాక్టర్ చక్రాలు దిగబడిన గాళ్లు, తూముల దగ్గర లేచిన రాళ్లు. పగలు చూస్తే ఏమీ అనిపించదు. బరువుతో చీకట్లో పోతుంటే చక్రం గాడిలో ఇరుక్కుని సైకిలు ఎటు లాగుతుందో తెలియదు.

మొదట్లో నా దగ్గర ఉన్నది రెండు సెల్లుల టార్చి. పాత ట్యూబును సన్నగా కోసి, ఆ రబ్బరుతో హ్యాండిలుకు బిగించి కట్టాను. గుంతలో పడ్డప్పుడల్లా లోపల సెల్లులు కదిలి టార్చి ఆరిపోయేది. చేత్తో కొడితే వెలిగేది. కొడదామని చెయ్యి తీస్తే సైకిలు వంకర పోయేది. అదీగాక ముందర వేలాడే ఆకుకూర సంచి మీదే సగం వెలుగు పడేది. నాకు పాలకూర బాగా కనిపించేది, దారి కనిపించేది కాదు.

అప్పుడు మా ఊళ్లో ఫోను లేదు. నాకు అక్షరం రాదు. నేర్చుకున్నది చాలా కాలం తర్వాత, మనవరాలు బడికి పోయే రోజుల్లో, దాని పక్కన కూచుని. అప్పట్లో ఉత్తరం రాయాలంటే ఇంకొకరి చెయ్యి కావాలి, వినాలంటే ఇంకొకరి నోరు కావాలి. మొగుడి మాట పక్కింటాయన గొంతులో వినడం నాకు నచ్చేది కాదు. అందుకని ఆయన ఒక టేపురికార్డరు పంపాడు. సెలవు మీద వచ్చేవాళ్లు క్యాసెట్టు తెచ్చేవాళ్లు, తిరిగి పోయేవాళ్లతో నేను పంపేదాన్ని.

ఆయన మొదటి క్యాసెట్లు వింటే ఏడుపు, కోపం రెండూ వచ్చేవి. "నేను మంచిగున్న. మీరు మంచిగున్నరా. బిడ్డ బడికి పోతున్నదా. అమ్మ పాణం ఎట్లున్నది." తర్వాత గొంతు సవరించుకోవడం. "ఇగ ఏం చెప్పాలె. ఉంట మరి." మిగతా టేపంతా ఖాళీ. ఇంట్లో ఉన్నప్పుడు కూడా ఆయన మాటల మనిషి కాదు. కానీ ఇంట్లో మాట అక్కర్లేకుండానే మనిషి ఉంటాడు కదా.

ఒకసారి నేనేదో చెబుతూ, కట్ట మీద టార్చి ఆరిపోతున్నదని కూడా చెప్పాను. జవాబుగా వచ్చిన క్యాసెట్టు ఒక పక్కంతా నిండి ఉంది.

"టార్చి హ్యాండిల్ మీద ఎందుకు కట్టినవే? మీదినుంచి వెలుగు కొడ్తే నేలంత సాపుగ కనవడ్తది, గుంత గుంత లెక్క కనవడది. కిందికి కట్టు, ముంగటి చక్రం ఇరుసు కాడ. అప్పుడు ఎంత చిన్న గుంతకైన నీడ వడ్తది, దూరం నుంచే ఎరికయితది. ఈడ మా పనికాడ గట్లనే పెడ్తరు లైట్లు. సంచి అడ్డం గూడ ఉండది. సెల్లుల ఎనుక కాయిదం మడిచి వెట్టు, కదలయి. ఇంటున్నవా?"

ఇంటున్నవా అని ఆయన ఆగిన చోట నేను "ఆఁ" అన్నాను. పక్క గదిలోంచి మా అత్త "ఎవరితోని మాట్లాడ్తున్నవే" అని కేకేసింది.

చిక్కేమిటంటే ఆ మాట వచ్చేసరికి నేను జగిత్యాల పోయి డైనమో లైటు కొనుక్కొచ్చి బిగించుకున్నాను. నా కష్టం ఇక్కడి నుంచి అక్కడికి చేరి, ఆయన ఆలోచన అక్కడి నుంచి ఇక్కడికి వచ్చేలోపు కష్టం మారిపోయేది. ఆయన ఎప్పుడూ నాకు ఒక గుంత వెనకే ఉండేవాడు.

డైనమో తారు రోడ్డు మీద రాజా. చక్రం ఎంత జోరుగా తిరిగితే అంత వెలుగు. కట్ట మీద బరువుతో మెల్లగా పోతే పిల్లి కన్నంత అయ్యేది. తూము దగ్గర దిగి నెట్టాల్సి వస్తే పూర్తిగా చీకటి. ఎక్కడ వెలుగు కావాలో సరిగ్గా అక్కడే ఆరిపోయేది. ఆ సంగతి మళ్లీ క్యాసెట్లో చెప్పి, ఈలోపు ఆయన ముందు చెప్పినట్టే టార్చిని ఇరుసు దగ్గరికి దించాను. ట్యూబు రబ్బరు అక్కడ నిలవలేదు, బురదకు జారింది. సిరిసిల్లలో మా అన్న సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసేవాడు. తల్లిగారింటికి పోయినప్పుడు ఆయనను అడిగాను. సాంచాలు సగం ఆగిపోయి ఉన్నాయి, అన్నకు పని లేదు, చేతినిండా తీరిక. ఆగిపోయిన సాంచా నుంచి ఊడిన ఒక ఇనుప పట్టీ తెచ్చి, వేడి చేసి వంచి, టార్చి కూర్చునేట్టు కొండి చేసి ఇచ్చాడు.

"ఈ నెల నేను చేసిన పని ఇదొక్కటే చెల్లె," అన్నాడు నవ్వుతూ. ఆ తర్వాత కొన్నాళ్లకు ఆయన కూడా మగ్గాల పని వెతుక్కుంటూ భివండి పోయాడు.

కొండి బిగించాక కట్ట నాకు కొత్తగా కనిపించింది. ప్రతి గాడికీ ఒక నల్లటి గీత, ప్రతి రాయి వెనక ఒక నీడ. మా ఆయన చెప్పింది చెప్పినట్టే ఉంది. అక్కడెక్కడో ఇసుకలో గుంతల వెంట నడుస్తూ ఆయన చూసిన నీడలే నేనిక్కడ చూస్తున్నాననిపించింది. ఆ రోజు మార్కెట్టు తొందరగా వచ్చినట్టయింది. ఇంకా కొంచెం దూరం ఉంటే బాగుండుననిపించింది.

కట్టకు టార్చి, రోడ్డుకు డైనమో. ముందర లైటు కుదిరింది. ఆ సంగతి చెప్పిన తర్వాత వచ్చిన క్యాసెట్టులో మళ్లీ పాత పాటే. నేను మంచిగున్న, మీరు మంచిగున్నరా. నాకు భయం వేసింది. అక్కడికి పోయిన మగవాళ్లలో కొందరి మాట మెల్లగా తగ్గి, కొన్నాళ్లకు మనిషే తగ్గిపోవడం ఊళ్లో చూస్తూనే ఉన్నాం.

అప్పుడు వెనక లైటు సంగతి ఎత్తుకున్నాను. మడ్‌గార్డుకు ఉన్న ఎర్ర బిళ్ల బస్తాల మధ్య కనిపించదు. రోడ్డెక్కాక వెనక వచ్చే బండివాడికి నేను ఒక నల్లటి మూటను, అంతే. జగిత్యాలలోనే సెల్లుతో వెలిగే చిన్న ఎర్ర లైటు కొన్నాను. ఎక్కడ పెట్టాలి? బస్తాకు కడితే ఊగి రాలిపోతుంది. క్యారేజీకి కడితే బస్తా కప్పేస్తుంది. ఇదంతా వివరంగా క్యాసెట్టులో చెప్పి పంపాను. చెప్పాక ఆ లైటును అలమరలో పెట్టాను. నేనే ఏదో ఒకటి చేసి ఉండొచ్చు. చెయ్యలేదు. జవాబు రావాలి, ఆయన ఒక పక్కంతా మాట్లాడాలి, అదొక్కటే నాకు కావాలి.

ఒకరోజు కోరుట్ల రోడ్డు మీద అక్క ఎప్పటిలాగే ముందు పోతోంది. వెనక నుంచి చెరుకు ట్రాక్టరు వచ్చింది. డ్రైవరు చివరి నిమిషంలో చూసినట్టున్నాడు. పక్కకు తిప్పినా ట్రాలీ అంచు బస్తాకు తగిలింది. సైకిలుతో సహా మట్టిలో పడ్డాను. దెబ్బ పెద్దది కాదు. టమాటలు రోడ్డంతా దొర్లాయి. అక్క సైకిలు పడేసి పరుగెత్తుకొచ్చింది. నా చేతులూ కాళ్లూ తడిమి చూసి, అన్నీ ఉన్నాయని తేలాక తిట్టడం మొదలుపెట్టింది.

"ఎనుక లైటు ఏదే? కొన్నవు గద!"

"ఇంట్ల ఉన్నదక్కా."

"ఇంట్ల ఎవరికి చూపెడ్తున్నవు?"

"ఎక్కడ పెట్టాల్నో ఆయన చెప్తడు. అడిగిన."

అక్క నా మొహంలోకి చూసింది. ఆమెకు అంతా తెలిసిపోయింది.

"నీ మొగడు మాట్లాడాల్నని నువ్వు ట్రాక్టర్ కింద పడ్తవా? పడు. అప్పుడు ఏం మాట్లాడ్తడో ఇందువు! ఎవరింటరే అప్పుడు, నేనా?"

మర్నాడు లైటు నాతో తెప్పించి, హర్రాజు అయ్యాక కోరుట్లలో సైకిలు షాపుకు లాక్కెళ్లింది. షాపాయన ఒక వెదురు బద్దను క్యారేజీ కింద నుంచి బస్తా దాటేట్టు దూర్చి, చివర లైటు కట్టి, ట్యూబు రబ్బరు చుట్టాడు. మేము చాయ్ తాగేలోపు అయిపోయింది.

"గింత పనికి మస్కట్ దాకా అడుగుడా?" అంది అక్క. నవ్వబోయి, నన్ను చూసి ఆగిపోయింది. తన గ్లాసులో మిగిలిన చాయ్ నా గ్లాసులో పోసింది.

ఆ సాయంత్రం టేపురికార్డరు ముందు కూచున్నాను. బటన్ నొక్కాను. నొక్కాక మాత్రం ఆగలేదు.

"ఎనుక లైటు గూడ అయింది. అన్ని లైట్లు మంచిగున్నయి. ఇగ అడుగుటానికి ఏం లేదు. నువ్వు రా. పైసలు తేవద్దు, సామాను తేవద్దు. ఉత్తగ రా. చెలుక ఉన్నది, ఇద్దరం తొక్కుదం."

మా పక్క ఊరాయన సెలవు అయిపోయి పోతుంటే ఆ క్యాసెట్టు ఆయన చేతిలో పెట్టాను. పెట్టిన దగ్గర్నుంచి పనిలో మనసు లేదు. కొన్ని రోజులకు ఒకాయన మస్కట్ నుంచి దిగాడని తెలిసి పోతే, నాకొక క్యాసెట్టు ఇచ్చాడు. ఇంటికొచ్చే దారిలో దాన్ని రైకలో దాచుకుని వచ్చాను. తలుపు దగ్గరికి వేసి, టేపురికార్డరులో పెట్టాను.

"ఎనుక లైటు బస్తాకు కట్టకు, ఊగుతది," అన్నాడు.

నా మాట ఇంకా ఆయనకు చేరలేదు. రెండు క్యాసెట్లూ ఆకాశంలో ఎక్కడో ఎదురెదురుగా దాటుకుని పోయాయి. ఇది నేను ముందు అడిగినదానికి జవాబు.

"పాత గొడుగు కాడ తీస్కో. క్యారేజి కింద నట్టు ఉంటది గద, దానికి ఇనుప తీగతోని బిగించు. బస్తా దాటి జానెడు బయటికి రావాలె. లైటు నేలను చూడొద్దు, ఎనుక వచ్చేటోని కండ్లను చూడాలె. రోడ్డు మీద నువ్వు కనవడాలె, సమజయిందా? నువ్వు కనవడకపోతే ఎట్లనే?"

ఆ పక్కంతా మాట్లాడాడు. గొడుగు కాడ వంగితే ఏం చెయ్యాలో, వానకు లైటు తడవకుండా ఏం చుట్టాలో, అన్నీ చెప్పాడు.

మరుసటి రోజు పొద్దున మా అత్త పాత గొడుగు అడిగి తీసుకుని, వెదురు బద్ద ఊడదీశాను. అక్క చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"మంచిగున్నదాన్ని ఇప్పుతున్నవా?"

"ఆయన గిట్ల పెట్టుమన్నడు."

"అబ్బో, ఇంజినీరు చెప్పిండా! జరుగు మరి." వచ్చి కింద కూచుని, నేను తీగ బిగించేదాకా గొడుగు కాడ పట్టుకుంది.

తర్వాతి కాలంలో ఆయన వచ్చాడు, సెలవు మీద. మళ్లీ పోయాడు. అట్లా వస్తూ పోతూనే మా వయసు గడిచిపోయింది. ఇంటికొచ్చినప్పుడు కారణాలు చెప్పాడు. అప్పులు, వీసా, కంపెనీ వాడి దగ్గర ఉండిపోయిన పాస్‌పోర్టు. అన్నీ నిజమే. కానీ నేను రమ్మన్నదానికి ఆయన ఏమన్నాడని నన్ను నేను అడిగితే గుర్తొచ్చేది ఆ తర్వాత వచ్చిన క్యాసెట్టే.

"నీ క్యాసెట్ విన్న," అన్నాడు. "రావాల్నని నాకు మాత్రం ఉండదానే?"

అంతే. ఉంట మరి అని కూడా అనలేదు. అయిపోయిందనుకుని ఆపబోయాను. అప్పుడు టేపులో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపించింది. ఆయన బటన్ నొక్కి ఆపడం మరిచిపోయాడు. మంచం కిర్రుమంది. ఎవరో తెలియని భాషలో ఏదో అడిగారు, ఈయన ఏదో అన్నాడు. గిన్నె కింద పెట్టిన చప్పుడు. నీళ్లు గటగటా తాగిన చప్పుడు. దగ్గు. మళ్లీ ఫ్యాను. ఎవరూ మాట్లాడడం లేదు, ఆయన అక్కడే కూచుని ఉన్నాడు. ఇంట్లో ఉన్నప్పుడు కూడా ఇట్లాగే కూచునేవాడు.

నేను దీపం వత్తి తగ్గించి, గోడకు ఆనుకున్నాను. టేపు ఆ పక్క తిరిగి తిరిగి, టక్కుమని దానంతటదే ఆగేదాకా ఆయనతో కూచున్నాను.