మందు పట్టించిన విత్తనాలు

మెక్సికోలో సకతేకాస్ అనే కొండ ఊరు, ఒకప్పటి వెండి గనుల వల్ల వెలసింది. మెట్టసేద్యం మీద సమావేశానికి వెళ్లిన మమ్మల్ని చివరి రోజు గులాబీరంగు రాతి ఇళ్ల మధ్య ఇరుకు సందుల్లో తిప్పి, ఒక పాత పూటకూళ్ల ఇంట్లో భోజనానికి కూర్చోబెట్టారు. ముసలామె ఒకావిడ వేయించిన వేరుశనగపప్పు, ఎండుమిరపకాయలు రాతిమీద నూరి, ఆ ముద్దను కోడికూరలో కలిపి, మొక్కజొన్న రొట్టెలతో పెట్టింది. ఆ వాసనకు చేతిలోని రొట్టె కంచంలో పెట్టేశాను.

శింగనమల దగ్గర మా ఊళ్లో ఆ వాసనంటే ఊరిబిండి, మేం చెనిక్కాయలనే వేరుశనగల పచ్చడి. వానలు కురిసిన ఏడు, కొత్త చెనిక్కాయలు ఇంటికి రాగానే, పొయ్యిలో కాల్చుకున్న కాయల మసి మూతులకు పూసుకుని వీధులన్నీ తిరిగేవాళ్లం. అవ్వ రోట్లో నూరిన ఊరిబిండిని వేడివేడి రాగిసంగటి ముద్దలో గుంట చేసి పెట్టేది. ఎండాకాలం విత్తనాలు ఒలిచే రోజుల్లో అరుగులన్నీ ఆడవాళ్లే, వేళ్లు పుండ్లయ్యేదాకా ఒలుస్తూ, నడుమ నడుమ ఒక పప్పు నోట్లో వేసుకుంటూ.

నాకు పదేళ్లప్పుడు వరసగా మూడో పంటా ఎండిపోయింది. తినడానికి దాచుకున్న కాయలు కూడా విత్తనానికే తీశారు. పొద్దున గంజి తాగితే మళ్లీ రాత్రికే తిండి. ఒక వాన పడగానే నాయన విత్తనాలకు పురుగుమందు పట్టించి, సంచి గట్టుమీద పెట్టాడు.

"పాపా, వీటిని ముట్టుకోవాకండి, మందు పట్టించినాను," అని చెప్పి, అమ్మతో కలిసి విత్తనం వేయడానికి చేలోకి దిగాడు. గట్టుమీద నేను, ఐదేళ్ల మా చెల్లెలు సుజాత మిగిలాం.

"అక్కా, ఆకలైతాంది."

"ఇంటికి పోయినాంక తిందువులే."

ఏడుపు ఆపలేదు. గుప్పెడు విత్తనాలు తీసి, చెంబులో నీళ్లతో రెండుసార్లు కడిగి, లంగాకు తుడిచి ఇచ్చాను. కడిగితే మందు పోతుందనుకున్నాను. నేనూ ఒకటి కొరికి, చేదుగా ఉంటే ఉమ్మేశాను. అది మాత్రం అన్నీ తినేసింది.

కాసేపటికే నోట నురగ వచ్చింది. నాయన భుజాన వేసుకుని రోడ్డుదాకా పరుగెత్తాడు. బస్సు వచ్చేసరికి ఆయన దాన్ని ఒళ్లో పెట్టుకుని నేలమీద కూర్చుని ఉన్నాడు. బస్సు ఎక్కలేదు.

"సంచి మూతి కట్టకపోతిని," అని నాయన ఏళ్లతరబడి అంటూనే ఉన్నాడు. అమ్మ మళ్లీ ఎప్పుడూ ఊరిబిండి నూరలేదు. నేను నోరు తెరవలేదు.

పూటకూళ్ల ఇంట్లో ముసలామె నా కంచం చూసి ఏదో అడిగింది. నచ్చలేదేమో అంటోందని పక్కనున్న దుబాసీ అమ్మాయి చెప్పింది. బాగుందన్నాను. ఒక రొట్టె తిన్నాను.

ఇప్పుడు మా ఊరి అరుగుల మీద కాయలు ఒలిచేవాళ్లు లేరు. చాలా చేలు బీడుపడ్డాయి. మేం అమ్మేసిన చేలో ఎవరిదో చీనీ బత్తాయిల తోట. అమ్మ ముందే పోయింది. నాలుగేళ్ల కింద నాయన పోయే ముందు కూడా ఆ మాటే అన్నాడు. ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను, చెప్పలేదు. ఇప్పుడు చెబుదామన్నా, ఆ రోజు చేలో ఉన్నవాళ్లలో నేనొక్కదాన్నే మిగిలాను.