గుమ్మం పక్క మేకు

పాత పుస్తకాలు పోగుచేసే మాలో ఒక నియమం ఉండేది. ఒకరింటికి ఒకరు వెళితే, భుజాన ఉన్న సంచీని గుమ్మం పక్క మేకుకు తగిలించి లోపలికి పోవాలి. ఎవరూ నొచ్చుకునేవారు కాదు. అందరం అందరినీ అనుమానించేవాళ్లం, ఆ తర్వాత కలిసి టీ తాగేవాళ్లం.

అమీర్‌పేటంతా కంప్యూటర్ కోర్సుల కరపత్రాలతో నిండిపోయిన రోజులవి. వారమంతా మైత్రీవనంలో ప్రోగ్రామింగ్ పాఠాలు చెప్పి, ఆదివారం శ్రీనగర్ కాలనీలో ఒక రిటైర్డ్ లెక్చరర్ గారింట్లో తేలేదాన్ని. ఆ గుంపులో ఆడదాన్ని నేనొక్కదాన్నే. నా హ్యాండ్‌బ్యాగ్ మాత్రం మేకుకు తగిలించమని ఎవరూ అనలేదు. మర్యాద.

ఆ మర్యాదనే వాడుకున్నాను. నేను పోగుచేసేది వంటల పుస్తకాలు. తాతల కాలం నాటి పచ్చళ్ల పుస్తకం ఒకటి నా దగ్గరుంది, చివరి ఎనిమిది పేజీలు లేకుండా. లెక్చరర్ గారి దగ్గర అదే పుస్తకం పూర్తిగా ఉంది. అడిగితే జిరాక్స్ తీసుకోనిచ్చేవారే. కానీ జిరాక్స్ కాగితాలు పుస్తకమెలా అవుతాయి? ఆయన టీ తేవడానికి వెళ్లారు, మిగతావాళ్లు ఇంకో బీరువా ముందు వాదులాడుకుంటున్నారు. పుస్తకం నా బ్యాగ్‌లో చేరింది. అబద్ధమెందుకు, ఇంటికెళ్లేదాకా పండగ చేసుకున్నాను.

మరుసటి ఆదివారం పుస్తకం పోయిందని తేలింది. అనుమానం తిన్నగా యూసుఫ్‌గూడలో జిరాక్స్ షాపు నడిపే ఆయన మీదికి పోయింది. మాలో కొత్తగా చేరింది ఆయనే. పుస్తకం పోయిన రోజు ఆయన సంచీ మేకుకే ఉందన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. "కొన్నాళ్లు రాకండి" అన్నారు లెక్చరర్ గారు మెల్లగా.

"అడిగితె మీరే ఇస్తుంటిరి గద సార్, దొంగతనం చేసుడెందుకు?" అని ఆయన సంచీ తీసుకుని వెళ్లిపోయాడు.

నేను నోరు మెదపలేదు. ఆ వారం పాఠం మధ్యలో రెండుసార్లు తడబడ్డాను. నా పిచ్చికి ఇంకో మనిషిని బలిపెట్టానని సిగ్గేసింది. పుస్తకం తెరవబుద్ధి కాలేదు. పై ఆదివారం అందరి ముందూ దాన్ని బల్ల మీద పెట్టి, "తీసింది నేనండీ" అన్నాను. లెక్చరర్ గారు దాన్ని తీసి బీరువాలో పెట్టారు. సాయంత్రం ఇద్దరం యూసుఫ్‌గూడ వెళ్లి, షాపులో నిలబడి క్షమాపణ చెప్పుకున్నాం.

ఆ తర్వాతి ఆదివారం పంజగుట్టలో బస్సు దిగి నడిచి వెళ్లేసరికి, జిరాక్స్ షాపు ఆయన గుమ్మం దగ్గర సంచీ మేకుకు తగిలిస్తున్నాడు. దాని మీదే నా హ్యాండ్‌బ్యాగ్ తగిలించాను. లెక్చరర్ గారు ఎదురొచ్చారు.

"అబ్బే, మీకెందుకమ్మా? లోపలికి తెచ్చుకోండి."

దొంగనని తెలిసీ అన్నారు. జిరాక్స్ షాపు ఆయన ఒకసారి తన సంచీ వంక చూసుకుని లోపలికి నడిచాడు. నన్ను నలుగురిలో తిట్టినా అంత తగిలేది కాదు.

"ఇక్కడే ఉండనీయండి" అని వెళ్లి జిరాక్స్ షాపు ఆయన పక్కన కూర్చున్నాను.